మంగమ్మ బాటయు మన పరధ్యానమును

విరుదునగరము నుండి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి పోవు రాజమార్గమునకు నేడు ప్రభుత్వ పత్రములలో నున్న పేరు ఒక అంకె. 2010వ సంవత్సరమునకు పూర్వము అది 7వ సంఖ్య జాతీయ రహదారి. వారణాసిలో బయలుదేరి కన్యాకుమారిలో ముగిసెడిది. ఆ యేట దేశములోని జాతీయ రహదారులకు క్రొత్త సంఖ్యలు కుదిర్చిరి. అప్పటి నుండి మన దారి 44వ సంఖ్య యైనది. శ్రీనగరమున మొదలై, 3,700 కిలోమీటర్లకు పైగా సాగి, ఆదిలాబాదు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురము ప్రాంతములను దాటి, బెంగుళూరు, సేలము, మధురల మీదుగా మన యూళ్లకు దిగివచ్చుచున్నది. ఉపాధ్యాయ శిక్షణకై నేను ఆంధ్రదేశమున నున్న దినములలో, అనంతపురము దరిని కిలోమీటరు రాతిపై మన కోవిల్‌పట్టి రాతిమీది 7వ అంకెయే కనబడెడిది. చుట్టపక్కము లెవ్వరును లేని ఆ చోట ఆ అంకెను చూచి కొంత ధైర్యము తెచ్చుకొనెడివాడను. అంకె వలన కలిగిన మేలు అంతవరకే. ఆ దారి ఎవరు వేసిరో, ఎందులకు వేసిరో, దానిమీద ఎవరు కూలిరో అంకె చెప్పలేదు.

దారిమీద మరణించినవారి పేరు ఆ దారికే పెట్టు ఆచారము అమెరికా దేశమున విరివిగా కలదు. అచ్చటి రాష్ట్ర శాసనసభలు తీర్మానము చేసి, రహదారిలో ఒక భాగమునకో ఒక వంతెనకో మృతుని పేరు పెట్టి ఫలకము నాటింతురు. సెల్‌ఫోను చూచుచు బండి నడిపినవాని వలన ప్రాణములు కోల్పోయినవారి పేళ్లును ఇట్లు కొన్ని దారులకు చేరినవి. మన విరుదునగరము–కోవిల్‌పట్టి మార్గమునకు అట్టి స్మారక నామ మొకటి పెట్టరాదా యని మన పై తరగతుల విద్యార్థులు కొందరు నన్నడిగిరి. ఈ వ్యాసము వారికి నేను చెప్పుచున్న సమాధానము. పెట్టవలె ననియే నా యభిప్రాయము. కాని క్రొత్త పేరు వెదుక నక్కరలేదు. పాత పేరొకటి గ్రామస్థుల నోట నేటికిని నిలిచియున్నది. మఱియు ఆ పేరును పలకమీద వ్రాసి ఊరకుండుట చాలదు. దానికి పని చెప్పవలెను.

మొదట మన భాషలోని ఒక మాటను గూర్చి విన్నవించెదను. తెలుగు బోధించువాడను గనుక ఈ చాపల్యమును పాఠకులు మన్నింతురు గాక. బండ్లు గ్రుద్దుకొన్నచో మనము 'ప్రమాదము జరిగినది' అందుము. అపాయమనియు, అనుకొనని ఆపద యనియు ఆ మాటకు మన వాడుకలో అర్థము స్థిరపడినది. సంస్కృతమున దాని అసలు అర్థము వేరు. ఏమరుపాటు, అజాగ్రత్త, మనస్సు పని మీద లేకుండుట: ఇది ప్రమాదము. అమరకోశమును వల్లించిన వారందరును ఈ సంగతి నెరుగుదురు. అం దా పదమునకు అనవధానతయే అర్థముగా చెప్పబడినది. కారణమునకు పెట్టిన పేరును మనము కాలక్రమమున ఫలితమునకు అంటగట్టితిమి. 'అప్రమత్తుడు' అను మాటలో మాత్రము పాత అర్థము చెక్కుచెదరలేదు. ఈ మార్పు వలన ఒక నష్టము కలిగినది. ప్రమాదము జరిగినది అన్నప్పుడు పిడుగు పడినట్లో వరద వచ్చినట్లో దైవికముగా ధ్వనించును. చేసినవాడు వాక్యములో నుండి మాయమగును. 'అతడు ప్రమత్తుడయ్యెను, ఆమె మరణించెను' అన్నచో కర్త కనబడును. పత్రికలలో నిట్లు వ్రాయుమని నేను కోరలేను గాని, తరగతిలో నైనను ఈ భేదము చెప్పుకొనవచ్చును.

అనవధానమునకు ఎదురు మాట అవధానము. తెలుగువారికి ఆ మాట వినగానే అష్టావధానము జ్ఞప్తికి వచ్చును. నేటి మోటారు చోదకులు పెక్కుమంది తమను అవధానులుగా తలంచుకొనుచున్నారని నాకు తోచును. ఒక చేత చక్రము, ఒక చేత ఫోను, చెవిలో పాట, ప్రక్కవానితో ముచ్చట, నోట తాంబూలము. ఇన్ని పనులు నిర్వహించుచు 'నాకు అలవాటే' అందురు. వారికి అవధాన ప్రక్రియ ఎట్టిదో తెలియదు. ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టునుండినను అవధాని ఒక్కసారిగా ఎనిమిది పనులు చేయడు. ఒకనికి ఒక పాదము చెప్పి, దానిని ధారణలో నిలిపి, తరువాత మఱియొకని వైపు తిరుగును. ఒక క్షణమునకు ఒక పనియే. ఆ సభలో అప్రస్తుత ప్రసంగి యని ఒక పృచ్ఛకుడుండును. పద్యము కుదురుచున్న సమయమున సంబంధము లేని ప్రశ్న వేసి అవధాని మనస్సును చెదరగొట్టుటయే అతని పని. ఏండ్ల తరబడి సాధన చేసిన పండితునికి సైతము అతడు పరీక్షయే. అట్టి అప్రస్తుత ప్రసంగిని మనము జేబులో పెట్టుకొని బండి యెక్కుచున్నాము. సభలో అవధాని తడబడినచో ఒక పాదము చెడును, సభ్యులు నవ్వి ఊరకుందురు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి క్షణమునకు, అనగా సెకనునకు, 22 మీటర్లు పోవును. ఫోనులో వచ్చిన వర్తమానము చదువుటకు అయిదు సెకనులు పట్టినదనుకొనుడు. ఆ చోదకుడు 110 మీటర్ల దూరము కన్నులు మూసికొని నడిపినట్లే. మన యూరి బజారు వీధులలో కొన్నింటికి అంత పొడవే లేదు.

చేతిలో ఫోను పట్టుకొనక చెవికి తగిలించుకొన్నచో దోషము లేదని పలువురు నమ్ముచున్నారు. ఇది పొరబాటు. ఫోను మాటలాడుచు నడుపు చోదకుడు ప్రమాదమునకు లోనగుటకు అవకాశము సుమారు నాలుగు రెట్లనియు, చేతులు ఖాళీగా నుంచుకొని మాటలాడినను అది అంతకంటె పెద్దగా క్షేమకరము కాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చేయి కాదు, మనస్సు చక్రము మీద నుండవలెను. చట్టము చేతినే పట్టుకొనగలదు, మనస్సును పట్టుకొనలేదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమునందలి 184వ సెక్షను ప్రకారము, నడుపునప్పుడు చేతిలో ఫోను వాడుట ప్రమాదకరమైన చోదనము క్రిందికి వచ్చును. మొదటి తప్పునకు ఆరు మాసములు మొదలు ఒక సంవత్సరము వరకు ఖైదు గాని, 1,000 మొదలు 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. చట్టము మంచిదే. పోలీసు ఉద్యోగి కనబడినప్పుడు ఫోను దింపి, అతడు దాటగానే ఎత్తుట మన జనులు దానికి నేర్చిన విరుగుడు.

2022వ సంవత్సరమున మన దేశపు దారులమీద 4,61,312 ప్రమాదములు జరిగి, 1,68,491 మంది మరణించిరి. ప్రమాదముల సంఖ్యలో ఆ యేడు దేశమున మొదటి స్థానము మన తమిళనాడునకు వచ్చినది. మృతులలో సుమారు 44 శాతము మోటారు సైకిళ్లు మొదలగు రెండు చక్రముల బండ్లవారు. ఇంచుమించు అయిదింట ఒక వంతు కాలినడకను పోవువారు. వీరి మరణములకు కారణములు పెక్కు కలవు. అన్నియు ఫోను వలన జరిగినవని నేననుటలేదు. కాని మన నాలుగు వరుసల దారి ప్రక్క నిలిచి ఒక ఉదయము చూడుడు. అగ్గిపెట్టెల కర్మాగారములకు పోవు స్త్రీలు, మేకలను తోలుకొని పోవు ముదుసళ్లు, సైకిళ్లమీద బడికి వచ్చు పిల్లలు ఆ దారిని అడ్డముగా దాటుచుందురు. ఒక ప్రక్క ఊరు, ఒక ప్రక్క చేను. నల్లరేగడి నేలను రెండుగా చీల్చుకొని దారి పోయినది. ఊరి బ్రతుకును సైతము అట్లే చీల్చినది. కారులోని వాడు అయిదు సెకనులు తల వంచినప్పుడు తన యెదుట నుండునది ఎవరో అతనికి తెలియదు. దాటుచున్న ముసలమ్మకు అతని తల వంగియున్నదని తెలియదు.

ఇక పేరు సంగతి. ఎవరి పేరు పెట్టవలెను? మరణించినవారిలో ఒకరి పేరా? ఏ యొక్కరి పేరు పెట్టినను తక్కినవారి యిండ్లలో 'మా బిడ్డ మనిషి కాదా' యన్న ప్రశ్న పుట్టును. పలుకుబడి గలవాని కుమారుని పేరు ఫలకమెక్కును. కర్మాగారము నుండి ఇంటికి నడచిపోవుచు పడిపోయిన పిల్ల పేరు ఎక్కదు. పోనీ, ఒక నాయకుని పేరు పెట్టుదమన్నచో, ఆ విషయమున మన జిల్లాలకు చేదు అనుభవము కలదు. విరుదునగరము జిల్లా 1985లో ఏర్పడినప్పుడు దాని పేరు కామరాజర్ జిల్లా. కోవిల్‌పట్టి యున్న తూత్తుకుడి జిల్లాకు చిదంబరనార్ పేరుండెడిది. బస్సు సంస్థలకును పాండ్యుల పేరు, కట్టబొమ్మని పేరు ఉండెడివి. 1997లో విరుదునగరమున క్రొత్తగా ఏర్పరచిన రవాణా సంస్థకు ఒక వీరుని పేరు పెట్టగా, ఆ పేరు మాది, మీది యను వివాదము చెలరేగి, దక్షిణ జిల్లాలలో కలహములు పెరిగి, ప్రాణనష్టము సైతము కలిగినది. తుదకు ప్రభుత్వము జిల్లాలకును బస్సు సంస్థలకును ఉన్న నాయకుల పేళ్ల నన్నిటిని తొలగించినది. ఆ మహనీయులలో ఎవ్వరును ఈ కలహమును కోరియుండరు. వారి పేళ్లు బస్సుల మీద నుండి చెరిగిపోయిన సంగతి నేటి విద్యార్థులకు తెలియదు. వారి తండ్రులకు తెలియును. కనుక ప్రాణములు కాపాడుటకై పెట్టు పేరు మరల ప్రాణములు తీయు పేరు కారాదు.

అందువలననే నేను పాత పేరు వైపు మొగ్గుచున్నాను. మధుర నుండి దక్షిణమునకు పోవు బాటను పల్లెలలోని పెద్దలు నేటికిని 'మంగమ్మాళ్ సాలై' యందురు. మధుర నాయక వంశపు రాణి మంగమ్మ, మనుమడు విజయరంగ చొక్కనాథుడు పసివాడై యుండగా, 1689 ప్రాంతమున రాజ్యభారమును వహించి సుమారు పదునైదేండ్లు పాలించినది. ఆమె వేయించిన బాటలు, నాటించిన చెట్లు, కట్టించిన సత్రములు ప్రసిద్ధములు. మధుర రైలు స్టేషనున కెదుట నున్న మంగమ్మ సత్రమును మనలో పలువురు చూచినవారే. నేటి రహదారి ఆ పాత బాటమీదనే అంతటను పోవుచున్నదని చెప్పరాదు. అచ్చటచ్చట పాత బాట విడిపోయి పల్లెలలోనికి తిరిగినది. దిక్కు మాత్రము అదియే, గమ్యమును అదియే.

ఆమె ఇన్ని ధర్మకార్యములు చేయుటకు కారణముగా జనులు చెప్పుకొను కథ యొకటి కలదు. ఒకనాడు రాణి తాంబూలము వేసికొనుచుండెనట. మనస్సు వేరొక చోట నుండుటచే ఎడమచేతితో ఆకును నోటి కందించుకొనెనట. ఆనాటి ఆచారమును బట్టి అది దోషము. తన పరధ్యానమునకు తానే నొచ్చుకొని, ప్రాయశ్చిత్తముగా బాటలు, సత్రములు, చలిపందిళ్లు, సాలుచెట్లు ఏర్పరచి బాటసారులకు సుఖము కలిగించెనట. ఇది జరిగినదో, జనులు అల్లినదో నిర్ణయించుట చరిత్రకారుల పని. నన్ను ఆకర్షించినది మఱియొకటి. ఎడమచేతితో ఆకు నమలిన దానివలన ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. ఎవ్వరి యింటను దీపమారలేదు. ఒక్క క్షణము మనస్సు చెదరినందులకు ఒక బాటయే ప్రాయశ్చిత్తమైనది. అట్టి బాటమీద నేడు మనము ఎడమచేత ఫోను పట్టుకొని పోవుచున్నాము. పరధ్యానము వలన మృతులైనవారి స్మృతికి ఇంతకంటె తగిన పేరు మరి యే దారికి దొరకును? కథ అందులోనే యున్నది. క్రొత్తగా కల్పింప నక్కరలేదు.

ఒక ఆక్షేపణకు ఇచ్చటనే సమాధానము చెప్పవలెను. మంగమ్మ తెలుగు వంశపు రాణి గనుక, తెలుగు పంతులు ఆమె పేరు చెప్పుచున్నాడని ఎవరైనను అనవచ్చును. ఆ పేరును ఇన్ని తరములు నోట నిలిపినవారు తమిళ పల్లెవాసులు. మన యిండ్లలో కంటె వారి యిండ్లలోనే అది ఎక్కువగా వినబడును. పిలుచువారిదే పేరు. దీనిని మన భాషకు గెలుపుగా చాటుకొన్ననాడు ఈ పేరు గతియును 1997 నాటి పేళ్ల గతియే యగును. ఫలకమున్నచో తమిళమున నుండవలెను. తెలుగు అక్షరములు లేకపోయినను నాకు కొరత లేదు.

అయినను, పేరు పెట్టినంత మాత్రమున చోదకుడు ఫోను దింపునా? దింపడు. పైగా ఫలకమే క్రొత్త పరధ్యానమునకు కారణము కావచ్చును. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున రహదారుల ప్రక్క విద్యుత్ఫలకములమీద ఆ యేడు దారులలో మృతులైనవారి సంఖ్యను ప్రదర్శించెడివారు. చోదకులు జాగ్రత్తపడుదురని వారి యాశ. ఇద్దరు పరిశోధకులు లెక్కలు తీసి 2022లో ప్రకటించిన దేమనగా, ఆ సంఖ్య చూపిన దినములలో ఫలకము దాటిన తరువాతి 10 కిలోమీటర్లలో ప్రమాదములు తగ్గుటకు బదులు 4.5 శాతము పెరిగినవి! మరణవార్త చదివినవాని మనస్సు కొంతసేపు దారిమీద నుండదు కాబోలు. సదుద్దేశముతో చేసిన పనియు ఇట్లు వికటించును. కావున ఉపదేశములను, పద్యములను, మృతుల జాబితాలను పరుగెత్తు బండికి ఎదురుగా నిలుపుట తగదు. నడుచుచున్న చోట పేరు మాత్రమే, రెండే మాటలు, పెద్ద అక్షరములలో నుండవలెను. కథ చెప్పవలసిన చోటు బండి నిలుచు చోటు: విరుదునగరము, సాత్తూరు, కోవిల్‌పట్టి బస్సు నిలయములు, సుంకము చెల్లించు ఎట్టూరువట్టము, దారి ప్రక్క టీ దుకాణములు.

స్మారకము ఎట్లుండవలె నన్నదానికి అమెరికా వైపు చూడ నక్కరలేదు. తమిళదేశపు పాత దారుల ప్రక్క 'సుమైతాంగి' యను రాతికట్టడము కనబడును. రెండు నిలువురాళ్లు, వానిమీద అడ్డముగా ఒక రాయి, మనిషి భుజమెత్తున. తలమీద మోపుతో పోవు బాటసారి ఎవరి సాయమును లేకుండ బరువును దానిమీదికి దించుకొని, అలసట తీర్చుకొని, మరల తలకెత్తుకొనవచ్చును. గర్భవతిగా నుండగా మరణించిన స్త్రీల జ్ఞాపకార్థము వీనిని నిలుపుట ఆచారము. ఆమె దింపుకొనలేకపోయిన బరువునకు బదులు, దారిన పోవువారి బరువులు దిగును. ఆ రాతిమీద పేరున్నను లేకున్నను బాటసారికి ఒకటే. చనిపోయిన యామె పేరిట ఒక పని ప్రతిదినము జరుగుచున్నది. స్మారకములలో ఇంతకంటె గొప్పదానిని నేను చూడలేదు, చదువలేదు.

నేటి బాటసారి తలమీద కట్టెలమోపు లేదు. అతని బరువు జేబులో మ్రోగుచుండును. ఇంటి నుండి పిలుపు, యజమాని నుండి పిలుపు, సరుకు కొన్నవాని పిలుపు. లారీ నడుపువానిని 'ఫోను ఎత్తకుము' అనుట సులభము. ఎత్తకున్నచో అతని కూలి పోవును. అతనికి కావలసినది బరువు దించుకొను రాయి. న్యూయార్క్ రాష్ట్రమున 2013లో రహదారుల ప్రక్క 91 చోట్లను, బండి నిలిపి ఫోను చూచుకొనుటకై గుర్తులు పెట్టి యేర్పరచిరి. చాలవరకు అంతకుముందే యున్న విశ్రాంతి స్థలములకే గుర్తులు తగిలించిరి, వ్యయము స్వల్పము. మన విరుదునగరము–కోవిల్‌పట్టి మధ్య దూరము సుమారు 50 కిలోమీటర్లు. అయిదారు చోట్ల, దారికి దూరముగా, బండి సురక్షితముగా నిలుచునంత స్థలము, నీడ, త్రాగునీరు ఏర్పరచి, దానికి 'మంగమ్మ నీడ' యని పేరు పెట్టిన చాలును. ఆగి మాటలాడి పోవచ్చును. నవంబరు మాసపు మూడవ ఆదివారమును దారి ప్రమాదముల మృతుల స్మరణదినముగా ఐక్యరాజ్య సమితి 2005లో అంగీకరించినది. ఆ దినమున మన మూడు పట్టణముల వారు ఆ నీడలలో కూడి, తమవారిని తలచుకొనవచ్చును. అప్పుడు ఎవరి పేరు వారు చెప్పుకొందురు. ఫలకమున ఒకరి పేరే యుండనక్కరలేదు.

స్మృతి పనిగా మారుటకు మఱియొక నిదర్శనము రైలు గేట్లు. 2014 జూలై 24న తెలంగాణములోని మాసాయిపేట వద్ద, కావలి లేని గేటు దాటుచున్న పాఠశాల బస్సును రైలు ఢీకొనగా చిన్నపిల్లలు మరణించిరి. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశమున కుశీనగరము వద్ద అట్టి గేటుననే 13 మంది పిల్లలు పోయిరి. ఆ బండి చోదకుడు చెవులకు పాటల తీగలు తగిలించుకొని యుండెనని నాడు ప్రాథమికముగా చెప్పిరి. చోదకులకు ఉపదేశములు చేయుటతో రైల్వేవారు ఊరకుండలేదు. 2019 జనవరి ముగియునప్పటికి బ్రాడ్‌గేజి మార్గములలో కావలి లేని గేట్లనే లేకుండ చేసిరి. మనిషి మనస్సు చెదరుట మాన్పలేము. చెదరిన క్షణమున ఎదుట మృత్యువు లేకుండ చేయవచ్చును. మన దారిలోను ఊరు దాటుచోట క్రింది వంతెనలు, దీపములు, నడచువారికి త్రోవలు కావలెనని పేరుతో పాటు అడుగవలెను. పేరు దొరకగానే ఇవి మరచెదరేని, పేరు రాకుండుటయే మేలు.

విద్యార్థులారా, మీకు ఓటు లేదు, చోదక పత్రము లేదు. కొందరు పత్రము లేకుండనే తండ్రిగారి మోటారు సైకిలు తీయుచున్నారన్నది వేరు సంగతి. ప్రపంచమున 5 మొదలు 29 ఏండ్ల వయస్సు వారి మరణములకు మొదటి కారణము దారి ప్రమాదములే. మీ చేతిలో నున్న పని యొకటి కలదు. ఫోను మ్రోగుటకు అవతల ఒకరు నొక్కవలెను గదా. సగము పరధ్యానము నొక్కినవారిది. 'ఎచ్చట నున్నావు? ఎంతసేపు?' అని దారిలోనున్న తండ్రిని పది నిమిషముల కొకసారి పిలుచునది మన యిల్లే. ఒకమారు నేను సాత్తూరు నుండి వచ్చుచున్న బస్సులో చోదకుడు ఒక చేత ఫోను పట్టి గట్టిగా మాటలాడుచుండెను. ముందు పలకమీద కూర్చున్న మన పల్లె అవ్వ యొకతె కొంతసేపు ఓర్చి, 'నాయనా, ఆ మాటేదో బండి నిలిపి మాట్లాడు, మేము కాచుకొని ఉంటాము' అన్నది. అతడు కోపపడలేదు. ఫోనులోని వారితో 'బండి నడుపుచున్నాను' అని చెప్పి పెట్టివేసెను. బస్సులో నలుబది మందిమి ఉంటిమి, చదువుకొన్నవారమే ఎక్కువ. అడిగినది ఆమె యొక్కతె. ఆమె కోపించి అరచియుండినచో అతడును అరచియుండునేమో. కాచుకొని ఉంటామనుటలో బలము కలదు. మీరు నొక్కినప్పుడు మొదటి ప్రశ్న 'బండి నడుపుచున్నారా?' యని వేసి, అవునన్నచో వెంటనే పెట్టివేయుడు. అలుగుట, విసుగుకొనుట వలదు.

పేరు విషయమున విరుదునగరము, సాత్తూరు, కోవిల్‌పట్టి పురపాలక సంఘములు మూడును తీర్మానము చేసి రాష్ట్ర ప్రభుత్వమునకును జాతీయ రహదారుల సంస్థకును పంపవచ్చును. 44వ సంఖ్య అట్లే యుండవచ్చును. అంకెకును పేరునకును విరోధము లేదు. మూడు పట్టణములలోని పాఠశాలల వారు తమిళమున ఒక విన్నపము వ్రాసి సంతకములు సేకరించినచో పని తొందరపడును. ముసాయిదా వ్రాయుటకు మా తమిళ పండితుల సాయము కోరెదను. నీడల విషయమున మాత్రము ముందుగా తేల్చుకొనవలసిన దొకటి కలదు. దారి వెడల్పు చేసినప్పుడు పోయిన చింతచెట్ల స్థానమున ఏవి నాటవలెను? చింత నిదానముగా పెరుగును. వేప మన రేగడిలో త్వరగా నిలదొక్కుకొనును. ఏది నాటినను మొదటి రెండు వేసవులు నీరు పోయవలెను. ఆ నీరు ఎచ్చటి నుండి తెత్తురు, ఏ పాఠశాల పిల్లలు ఏ చెట్టును చూచుకొందురు అన్నది కాగితముమీద వ్రాసికొనిన పిమ్మటనే గుంతలు త్రవ్వుట మంచిది.